చీరల లెక్క, చిప్పుల లెక్క: అమ్మకాల అంకెల నుంచి గిరాకీని అంచనా వేయడం ఎలా?

సూరత్ నగరంలోని లింబాయత్ ప్రాంతానికి వెళితే దుకాణాల బోర్డుల మీద గుజరాతీ, హిందీ, మరాఠీతో పాటు తెలుగు కూడా కనిపిస్తుంది. తెలంగాణలోని నల్గొండ, వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుంచి పద్మశాలి కుటుంబాలు దశాబ్దాల క్రితమే ఇక్కడికి వలస వచ్చి మరమగ్గాల మీద స్థిరపడ్డాయి. వారి పిల్లల కోసం సూరత్ మునిసిపల్ కార్పొరేషన్ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. మరమగ్గాన్ని వీరు 'సాంచ' అంటారు. పాలిస్టర్ నూలు బీముల మీద చుట్టి వస్తుంది, సాంచ మీద గుడ్డ అవుతుంది, డైయింగ్ మిల్లులో రంగులద్దుకుని చీరగా మారి దేశమంతటా అమ్ముడవుతుంది.

ఈ గొలుసులో ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే. ఇన్ని చీరలు అమ్ముడైతే ఎంత నూలు కావాలి? ఎన్ని సాంచాలు నడవాలి? ఈ లెక్క తప్పితే నూలు వ్యాపారి గోదాములో సరుకు పేరుకుపోతుంది. సాంచ నడిపే కార్మికుడికి మీటరుకింత చొప్పున కూలి కాబట్టి మగ్గం ఆగిన రోజు అతనికి ఆదాయం ఉండదు.

కంప్యూటర్ల రంగంలోనూ సరిగ్గా ఇదే ప్రశ్న ఉంది. ఒక కంప్యూటర్ కంపెనీ మూడు నెలల్లో ఇన్ని లక్షల యంత్రాలు అమ్మానని ప్రకటిస్తుంది. ఆ అంకెను బట్టి దానికి ఎన్ని ప్రాసెసర్లు కావాల్సి వచ్చాయో, వాటిని తయారుచేసే కర్మాగారంలో ఎన్ని సిలికాన్ పలకలు ఖర్చయ్యాయో బయటివాళ్లు చెప్పగలరా? చెప్పగలరు, కానీ ఒక్క గుణకారంతో కాదు. మధ్యలో కనీసం నాలుగు మెట్లున్నాయి. ఏ మెట్టు దగ్గర ఏ తప్పు జరుగుతుందో మగ్గం లెక్కతో చూస్తే సులువుగా అర్థమవుతుంది.

మగ్గానికీ కంప్యూటర్‌కూ పోలిక కొత్తది కాదు. 1804లో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో జోసెఫ్ మేరీ జకార్డ్ చిల్లులు పొడిచిన అట్టలతో నేత డిజైనును నడిపించే యంత్రాన్ని రూపొందించాడు. చిల్లుల అట్ట మీదే సమాచారం నమోదు చేసే పద్ధతితో హెర్మన్ హోలెరిత్ 1890లో అమెరికా జనాభా లెక్కలను వేగంగా తేల్చాడు. అతని కంపెనీ 1911లో మరికొన్నింటితో కలిసింది. అలా ఏర్పడిన సంస్థ 1924లో ఐబీఎం అనే పేరు పెట్టుకుంది. ఈ వ్యాసంలో ఉదాహరణగా తీసుకున్న ప్రాసెసర్‌ను తయారుచేసింది కూడా ఆ ఐబీఎంే.

ముందు చీర లెక్క

నూలు సన్నమా లావా అన్నది డెనియర్లలో చెబుతారు. 9,000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 50 డెనియర్ నూలు 9,000 మీటర్లు కలిపి 50 గ్రాములే తూగుతుంది.

రవికె గుడ్డతో కలిపి 6.3 మీటర్ల పొడవు, 44 అంగుళాల పన్నా ఉన్న పాలిస్టర్ చీర ఒకటి తీసుకుందాం. పడుగులో అంగుళానికి 80 పోగులనుకుంటే మొత్తం 3,520 పోగులు. నేతలో పోగు పైకీ కిందికీ వంగుతుంది కాబట్టి 5 శాతం అదనంగా కావాలి. అంటే ఒక్కో పోగు సుమారు 6.6 మీటర్లు. మొత్తం 23,000 మీటర్ల పైచిలుకు. అది 50 డెనియర్ నూలైతే బరువు సుమారు 129 గ్రాములు.

ఇక పేక. అంగుళానికి 70 పోగులనుకుంటే 248 అంగుళాల చీరకు 17,360 పోగులు. ఒక్కోటి 1.17 మీటర్లు. మొత్తం 20,300 మీటర్లు. ఇది 75 డెనియర్ నూలైతే సుమారు 169 గ్రాములు. పడుగూ పేకా కలిపితే దాదాపు 300 గ్రాములు. అంటే లక్ష చీరలకు 30 టన్నుల నూలు. తెగిపోయి వృథా అయ్యేది దీనికి అదనం.

సాంచాల లెక్క కూడా ఇలాగే తేలుతుంది. నిమిషానికి 150 పేక పోగులు వేసే సాంచ గంటకు మూడు మీటర్లకు పైగా నేస్తుంది. బీము మార్చడం, తెగిన పోగులు అతకడం వంటి వాటికి 20 శాతం సమయం తీసేస్తే 12 గంటల షిఫ్టులో సుమారు 31 మీటర్లు, అంటే ఐదు చీరలు. రోజుకు రెండు షిఫ్టులు, నెలకు 25 రోజులనుకుంటే ఒక సాంచ మీద 250 చీరలు. నెలకు లక్ష చీరలకు 400 సాంచాలు కావాలి.

తెలంగాణ ప్రభుత్వం 2017లో బతుకమ్మ పండుగకు మహిళలకు చీరలు పంచడం మొదలుపెట్టింది. వాటి సంఖ్య సుమారు కోటి. పైన వేసిన చీర లాంటిదే అయితే దానికి 3,000 టన్నుల నూలు కావాలి. ఒక్క నెలలో నేయాలంటే 40,000 సాంచాలు కావాలి, ఎనిమిది నెలల గడువుంటే 5,000 చాలు. చీరల సంఖ్య మారలేదు, గడువు మాత్రమే మారింది. ఆ తొలి ఏడాది చీరల్లో కొంత భాగం సిరిసిల్ల సాంచాల మీద తయారైతే, కొంత భాగం సూరత్ నుంచి వచ్చింది.

ఇంతవరకు లెక్క తేలికే. ఎందుకంటే ఏ చీరలో ఏ నూలు ఎంత ఉందో తెలుసు. ఆ వివరం చెప్పకుండా 'లక్ష చీరలు అమ్మాం' అని మాత్రమే అంటే? అందులో పల్చటి జార్జెట్ ఎంత, బరువైన జకార్డ్ ఎంత అన్నది ఊహించాల్సిందే. కంప్యూటర్ల లెక్కలో మొదటి మెట్టు ఇదే.

మొదటి మెట్టు: ఒక్కో పెట్టెలో ఎన్ని చిప్పులు?

2003 ఆగస్టులో ఆపిల్ కంపెనీ పవర్ మ్యాక్ జీ5 అనే కంప్యూటర్‌ను మార్కెట్లోకి తెచ్చింది. అందులోని జీ5 ప్రాసెసర్‌ను ఐబీఎం న్యూయార్క్ రాష్ట్రంలోని ఈస్ట్ ఫిష్‌కిల్ కర్మాగారంలో తయారుచేసేది. ఆ రోజుల్లో ఆపిల్ ప్రతి మూడు నెలలకూ ఏ రకం కంప్యూటర్లు ఎన్ని అమ్మిందో విడివిడిగా ప్రకటించేది. 2003 డిసెంబరుతో ముగిసిన త్రైమాసికంలో అది అమ్మిన 8,29,000 మ్యాక్‌లలో పవర్ మ్యాక్ వర్గానివి 2,06,000. తర్వాతి మూడు త్రైమాసికాల్లో ఆ వర్గం అమ్మకాలు వరుసగా 1,74,000, 1,73,000, 1,56,000. ఏడాది మొత్తం 7,09,000.

ఈ వరుస చూడగానే ప్రాసెసర్లకు గిరాకీ నాలుగో వంతు పడిపోయిందనిపిస్తుంది. కానీ పెట్టెలో ఎన్ని చిప్పులున్నాయో చూడాలి. మొదట్లో మూడు నమూనాలుండేవి. రెండింటిలో ఒక్కో ప్రాసెసర్, అన్నింటికన్నా ఖరీదైన దానిలో రెండు. 2003 నవంబరులో మధ్య నమూనాకూ రెండు ప్రాసెసర్లు పెట్టారు. 2004 జూన్‌కల్లా కొత్త నమూనాలన్నీ జంట ప్రాసెసర్లవే.

ఇప్పుడు గుణించి చూద్దాం. మొదటి త్రైమాసికంలో సగటున పెట్టెకు 1.5 చిప్పులనుకుంటే 2,06,000 యంత్రాలకు 3,09,000 చిప్పులు. చివరి త్రైమాసికంలో అన్నీ జంట ప్రాసెసర్లవే అనుకుంటే 1,56,000 యంత్రాలకు 3,12,000 చిప్పులు. యంత్రాల అమ్మకం 24 శాతం తగ్గినా చిప్పుల వాడకం ఏమీ తగ్గలేదు! 1.5 అన్న సగటు ఇక్కడ కేవలం ఊహ. అయినా విషయం స్పష్టం. సరుకుల మిశ్రమం మారితే అమ్మకాల అంకె ఒక దారిన, విడిభాగాల గిరాకీ మరో దారిన పోవచ్చు. చీరల సంఖ్య తగ్గినా అందరూ బరువైన చీరలే కొంటుంటే నూలు అంతే ఖర్చయినట్టు.

మరో చిక్కు కూడా ఉంది. 'పవర్ మ్యాక్' అని ఆపిల్ చెప్పిన వర్గంలో అన్నీ జీ5 యంత్రాలే కావు. ఎక్స్‌సర్వ్ అనే సర్వర్లనూ అందులోనే కలిపి చూపేవారు. పాత జీ4 ప్రాసెసర్‌తో నడిచే పవర్ మ్యాక్‌లు కూడా 2004 మధ్య దాకా అమ్ముడయ్యాయి. కాబట్టి ముందు జీ5 వాటా ఎంతో తేల్చాలి.

అందుకే అంచనా వేసేవారు ఒక్క అంకె చెప్పరు, కనిష్ఠం నుంచి గరిష్ఠం దాకా ఒక పరిధి చెబుతారు. ఏడాదిలో అమ్మిన 7,09,000 యంత్రాల్లో 85 నుంచి 95 శాతం జీ5వి, సగటున పెట్టెకు 1.6 నుంచి 1.8 చిప్పులు అనుకుంటే మొత్తం దాదాపు 9.6 లక్షల నుంచి 12.1 లక్షల చిప్పులు తేలతాయి. ఊహలు ఏమిటో బయటపెడితే, వాటిలో ఏది తప్పో తెలిసినవారు సరిదిద్దగలరు. ఊహలు చెప్పకుండా '10,83,000 చిప్పులు' అని కచ్చితమైన అంకె చెప్పడం చూడటానికి శాస్త్రీయంగా ఉన్నా నిజానికి తక్కువ సమాచారం ఇస్తుంది.

రెండో మెట్టు: పలక నుంచి ఎన్ని మంచి చిప్పులు?

ప్రాసెసర్లను ఒక్కొక్కటిగా తయారుచేయరు. గుండ్రటి సిలికాన్ పలక మీద వందల చిప్పులను ఒకేసారి ముద్రించి తర్వాత కోస్తారు. ఈ పలకను వేఫర్ అంటారు. ఈస్ట్ ఫిష్‌కిల్‌లో వాడినవి 300 మిల్లీమీటర్ల వ్యాసం గలవి. ఒక్కో వేఫర్ వైశాల్యం సుమారు 70,700 చదరపు మిల్లీమీటర్లు.

మొదటి జీ5 చిప్పు 130 నానోమీటర్ల పద్ధతిలో తయారైంది. దాని వైశాల్యం సుమారు 118 చదరపు మిల్లీమీటర్లు. భాగిస్తే 599 వస్తుంది. కానీ గుండ్రటి పలక మీద చతురస్రాలు కోస్తే అంచుల్లో ముక్కలు వృథా అవుతాయి. గుండ్రటి చపాతీని నలుచదరపు ముక్కలుగా కోస్తే అంచులు మిగిలినట్టే. అది తీసేస్తే వేఫర్‌కు దాదాపు 540. 2004లో వచ్చిన 90 నానోమీటర్ల చిప్పు వైశాల్యం సుమారు 66 చదరపు మిల్లీమీటర్లే కాబట్టి వేఫర్‌కు దాదాపు 990.

వీటిలో అన్నీ పనిచేయవు. ఒక్క ధూళి కణం పడ్డా, ఒక్క పొర సరిగ్గా కుదరకపోయినా ఆ చిప్పు పనికిరాదు. నూటికి ఎన్ని చిప్పులు మంచివి వచ్చాయో చెప్పే అంకెను దిగుబడి అంటారు. కంపెనీలు దీన్ని సాధారణంగా బయటపెట్టవు. కొత్త తయారీ పద్ధతి మొదలైనప్పుడు దిగుబడి తక్కువగా ఉండి, లోపాలు సరిదిద్దే కొద్దీ పెరుగుతుంది.

ఇక్కడా రెండు కొసలూ చూడాలి. 12.1 లక్షల చిప్పులన్నీ పాత పద్ధతివే, దిగుబడి 50 శాతమే అనుకుంటే ఏడాదికి సుమారు 4,500 వేఫర్లు కావాలి. 9.6 లక్షల చిప్పులన్నీ కొత్త పద్ధతివి, దిగుబడి 70 శాతం అనుకుంటే సుమారు 1,400 చాలు. అసలు విలువ ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది. పరిధి వెడల్పుగా ఉన్నా దాని నుంచి గట్టి నిర్ధారణే ఒకటి వస్తుంది. గుజరాత్‌లోని ధొలేరాలో టాటా ఎలక్ట్రానిక్స్, తైవాన్‌కు చెందిన పీఎస్‌ఎంసీ కలిసి చేపట్టిన చిప్పుల కర్మాగారం లక్ష్యం నెలకు 50,000 వేఫర్లు. ఆ వేగంతో పోలిస్తే, పవర్ మ్యాక్‌ల ఏడాది అవసరం గరిష్ఠ అంచనా ప్రకారం కూడా మూడు రోజుల పనికి మించదు.

అంటే అంత పేరున్న కంప్యూటర్ కూడా చిప్పులు తయారుచేసే కంపెనీ దృష్టిలో చిన్న ఖాతాదారే. ఒక కొత్త ప్రాసెసర్‌ను అభివృద్ధి చేయడానికయ్యే ఖర్చు అమ్మే చిప్పుల సంఖ్య మీద పంచుకోవాలి. సంఖ్య చిన్నదైతే ఒక్కో చిప్పు మీద భారం పెరుగుతుంది. జీ5ను మూడు గిగాహెర్ట్జ్ వేగానికి తీసుకెళతామని 2003లో ఇచ్చిన మాట నెరవేరలేదు. ల్యాప్‌టాప్‌లో పెట్టగలిగేంత తక్కువ విద్యుత్తుతో నడిచే జీ5 కూడా ఆపిల్ యంత్రాల్లోకి రాలేదు. చివరకు 2005 జూన్ 6న ఇంటెల్ ప్రాసెసర్లకు మారుతున్నట్టు ఆపిల్ ప్రకటించింది. ఒక వాట్ విద్యుత్తుకు ఎంత పని జరుగుతుందన్నదే ఆ నిర్ణయానికి ముఖ్య కారణంగా చెప్పింది.

మూడో మెట్టు: అమ్మకం వేరు, గిరాకీ వేరు

2017 జూలైలో జీఎస్టీకి నిరసనగా సూరత్ బట్టల వ్యాపారులు మార్కెట్లు మూసివేసి సమ్మె చేశారు. ఆ రోజుల అమ్మకాలు మాత్రమే చూసిన వ్యక్తి దేశంలో చీరలు కట్టుకునేవారే లేరనుకోవాలి. గిరాకీ ఎక్కడికీ పోలేదు, సరుకు చేతులు మారే దారి మాత్రం మూసుకుపోయింది. అమ్మకాల అంకె చెప్పేది గిరాకీ ఎంత అని కాదు. గిరాకీ, సరఫరా ఈ రెండింటిలో ఏది తక్కువైతే అదే అమ్మకం.

2004లో పవర్ మ్యాక్ విషయంలో ఈ ప్రశ్నే వచ్చింది. 90 నానోమీటర్ల పద్ధతికి మారే క్రమంలో ఐబీఎంకు దిగుబడి సమస్యలు ఎదురయ్యాయి. జీ5 చిప్పులు చాలినన్ని అందడం లేదని ఆపిల్ ఆ ఏడాది బహిరంగంగానే చెప్పింది. జీ5తో రావాల్సిన కొత్త ఐమ్యాక్ కూడా ఆలస్యమై 2004 ఆగస్టు 31న వెలువడింది. అలాంటి సమయంలో అమ్మకాలు తగ్గితే, కొనేవారు తగ్గారా, లేక చిప్పులు లేక యంత్రాలు తయారుకాలేదా అన్నది ఆ అంకె చూసి చెప్పలేం.

దీన్ని తేల్చడానికి మరో రెండు గుర్తులు చూడాలి. ఒకటి దుకాణాల్లో ఉన్న నిల్వ, రెండోది ఆర్డరు పెట్టినవారు ఎదురుచూడాల్సిన రోజులు. అమ్మకాలు తగ్గుతూ, నిల్వలు కూడా తగ్గుతూ, ఎదురుచూపు పెరుగుతుంటే సరఫరా చాలడం లేదని అర్థం. అమ్మకాలు తగ్గుతూ నిల్వలు పెరుగుతుంటే గిరాకీయే పడిపోయిందని అర్థం. లింబాయత్‌లో కూడా సాంచ ఆగడానికి నూలు రాకపోవడం కారణమా, నేసిన గుడ్డ కదలకపోవడం కారణమా అన్నది గోదాములోకి తొంగిచూస్తే తెలిసిపోతుంది.

ఒక్కోసారి ఒకే ఒక్క పెద్ద ఆర్డరు కూడా చిత్రాన్ని మార్చేస్తుంది. 2003లో అమెరికాలోని వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం 1,100 పవర్ మ్యాక్ జీ5లను కలిపి ఒక సూపర్ కంప్యూటర్ నిర్మించింది. ఆ ఏడాది నవంబరు జాబితాలో అది ప్రపంచంలో మూడో స్థానంలో నిలిచింది. దానికి పట్టిన ప్రాసెసర్లు 2,200. అలాంటి ఆర్డరు మళ్లీ మళ్లీ రాదు. దాన్ని కలిపి సగటు తీసి వచ్చే ఏడాదికీ అంతే అనుకుంటే పొరపాటు. బతుకమ్మ చీరల ఆర్డరు 2024లో లేకపోవడంతో సిరిసిల్లలో ఎన్నో సాంచాలు పని లేక ఆగిపోయాయి. ఒక్క పెద్ద ఖాతాదారు మీద ఆధారపడిన గిరాకీ ఎంత పెద్దదైనా, అది ఒక్కసారిగా సున్నా కావచ్చని అంచనాలో రాసుకోవాలి.

నాలుగో మెట్టు: గొలుసు పొడవునా పెరిగే అల

నాలుగో మెట్టు దగ్గరే చాలామంది జారిపడతారు. గిరాకీలో చిన్న మార్పు గొలుసులో వెనక్కి పోయేకొద్దీ పెద్దదవుతుంది. చిన్న లెక్కతో చూద్దాం.

ఒక చీరల దుకాణం వారానికి 100 చీరలు అమ్ముతుంది. ఎప్పుడూ నాలుగు వారాల సరుకు, అంటే 400 చీరలు నిల్వ ఉంచుకుంటుంది. ఒక వారం అమ్మకం 110కి పెరిగింది. ఇకపై ఇలాగే ఉంటుందనుకున్న దుకాణదారు నిల్వను 440కి పెంచాలనుకుంటాడు. అమ్ముడైన 110కి తోడు మరో 40 కలిపి 150 చీరలకు ఆర్డరిస్తాడు. కొనేవారి దగ్గర 10 శాతం పెరిగింది, ఆర్డరులో 50 శాతం పెరిగింది.

ఆ ఆర్డరు అందుకున్న టోకు వ్యాపారికి దుకాణంలో ఏం జరిగిందో తెలియదు. వారానికి 100 పోయే సరుకు 150 పోయిందని మాత్రమే చూస్తాడు. అతనూ నాలుగు వారాల నిల్వ పెట్టుకునేవాడైతే 400 ఉన్న నిల్వను 600కు పెంచాలి. పంపిన 150, నిల్వ కోసం 200 కలిపి 350 చీరలకు సరిపడా గుడ్డ నేయమంటాడు. సాంచాలకు చేరేసరికి 10 శాతం పెరుగుదల మూడున్నర రెట్లయింది.

మరుసటి వారం అమ్మకం మళ్లీ 100కు వస్తే? దుకాణదారు 400 నిల్వ చాలనుకుని 60 చీరలే అడుగుతాడు. టోకు వ్యాపారి దగ్గర అప్పటికే 600 ఉన్నాయి. 60 పంపాక 540 మిగులుతాయి. అతని లెక్కలో కావాల్సింది 240 మాత్రమే. కొత్త ఆర్డరు సున్నా. తర్వాతి వారం దుకాణం మళ్లీ 100 అడిగినా అతని నిల్వ 440 దగ్గర ఉంటుంది కాబట్టి అప్పుడూ సున్నాయే. కొనేవారు ఒక్క వారం పది చీరలు ఎక్కువ కొన్నందుకు సాంచాలు ఒక వారం పగలూ రాత్రీ నడిచి, తర్వాత రెండు వారాలు ఆగిపోతాయి. ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ తెలివితక్కువగా ప్రవర్తించలేదు. ఎవరికి వారు తమ ముందున్న అంకెను మాత్రమే చూశారు.

దీన్ని బుల్‌విప్ ప్రభావం అంటారు. కొరడా పిడిని కాస్త కదిపితే కొస పెద్దగా ఊగినట్టు ఉంటుందని ఆ పేరు. జే ఫారెస్టర్ 1961లో రాసిన పుస్తకంలో ఇలాంటి ఊగిసలాటను గణితంతో వివరించాడు. హా లీ, పద్మనాభన్, వాంగ్ అనే పరిశోధకులు 1997లో దాని కారణాలను విడదీసి చూపారు. పసిపిల్లల డైపర్ల వంటి నిలకడైన వాడకం ఉన్న వస్తువుకు కూడా ఆర్డర్లు ఎగుడుదిగుడుగా ఉండటాన్ని ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ గమనించింది.

చిప్పుల్లో ఇది మరింత తీవ్రం. వేఫర్ కర్మాగారంలో అడుగుపెట్టినప్పటి నుంచి చిప్పు చేతికి రావడానికి నెలలు పడుతుంది. 2020లో లాక్‌డౌన్ రాగానే కార్ల కంపెనీలు చిప్పుల ఆర్డర్లు తగ్గించుకున్నాయి. అదే సమయంలో ఇళ్ల నుంచి పని, ఆన్‌లైన్ చదువుల వల్ల ల్యాప్‌టాప్‌ల గిరాకీ పెరిగి తయారీ సామర్థ్యం అటు మళ్లింది. కార్ల అమ్మకాలు కోలుకునేసరికి చిప్పులు దొరకలేదు. 2021 సెప్టెంబరులో హర్యానా, గుజరాత్ ప్లాంట్లలో ఉత్పత్తి మామూలులో 40 శాతానికి పరిమితం కావచ్చని మారుతీ సుజుకీ ప్రకటించింది. కొరత ఉందని తెలిస్తే కొనేవారు అవసరానికి మించి, ఒకరికి బదులు ఇద్దరు సరఫరాదారులకు ఆర్డర్లు పెడతారు. ఆ ఆర్డర్లన్నీ కలిపి గిరాకీ అనుకుని కొత్త కర్మాగారం కడితే, అది పూర్తయ్యేసరికి సగం ఆర్డర్లు మాయమవుతాయి.

అంకెలే దొరకనప్పుడు

ఇప్పుడు అంచనా మరింత కష్టమైంది. ఎన్ని యంత్రాలు అమ్మామో ఇకపై చెప్పబోమని ఆపిల్ 2018 నవంబరులో ప్రకటించింది. అప్పటి నుంచి మ్యాక్‌ల మీద వచ్చిన ఆదాయం మాత్రమే చెబుతోంది. ఆదాయాన్ని సగటు ధరతో భాగించి యంత్రాల సంఖ్యను ఊహించాలి. సగటు ధర ఊహలో 10 శాతం తేడా వస్తే యంత్రాల సంఖ్యలోనూ, అక్కడి నుంచి చిప్పుల సంఖ్యలోనూ దాదాపు అంతే తేడా వస్తుంది.

ఇలాంటప్పుడు రెండు వైపుల నుంచి లెక్క వేయడం మంచి పద్ధతి. ఒక లెక్క అమ్మకాల నుంచి వెనక్కి రావాలి, మరొకటి తయారీ సామర్థ్యం నుంచి ముందుకు పోవాలి. చీరల అమ్మకం నుంచి నూలు లెక్క వేసి, నడుస్తున్న సాంచాల సంఖ్య నుంచి మళ్లీ అదే లెక్క వేస్తే రెండూ దగ్గరగా రావాలి. రాకపోతే ఏదో ఒక ఊహ తప్పు. ఆ తప్పు ఎక్కడుందో వెతకడంలోనే ఎక్కువ విషయం తెలుస్తుంది.

ఎందుకింత పట్టింపు?

భారత ప్రభుత్వం 2021 డిసెంబరులో రూ. 76,000 కోట్లతో సెమీకండక్టర్ల కార్యక్రమాన్ని ఆమోదించింది. ధొలేరా కర్మాగారానికి 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. దాని పెట్టుబడి రూ. 91,000 కోట్లు. సానంద్‌లో మైక్రాన్ ప్లాంటు వచ్చింది. ఇలాంటి కర్మాగారాన్ని సాంచాల్లా ఇవాళ ఆపి రేపు నడపడం కుదరదు. యంత్రాలు ఖాళీగా ఉన్నా వాటి మీద పెట్టిన డబ్బు భారం ఆగదు. నెలకు 50,000 వేఫర్లు నింపాలంటే ఎన్ని రకాల వస్తువులు, ఎంతమంది ఖాతాదారులు కావాలో పవర్ మ్యాక్ లెక్క చూపిస్తుంది. పేరున్న ఒక్క కంపెనీ ఏడాది అవసరం మూడు రోజుల పని కూడా కాకపోవచ్చు.

కాబట్టి 'ఈ ఏడాది దేశంలో ఇన్ని కోట్ల కంప్యూటర్లు అమ్ముడయ్యాయి, అన్ని కోట్ల చిప్పులు కావాలి' అనే వార్త చదివినప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఒక్కో యంత్రంలో ఏ చిప్పులు ఎన్ని? పలక నుంచి మంచి చిప్పులు ఎన్ని వస్తాయి? ఆ అమ్మకాలకు హద్దు పెట్టింది గిరాకీయా, సరఫరాయా? నిల్వలు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా? వీటికి జవాబులు పరిధులుగానే దొరుకుతాయి. అయినా ఆ పరిధి తెలిసి పెట్టిన ఆర్డరుకూ, ఒక్క అంకెను నమ్మి పెట్టిన ఆర్డరుకూ చాలా తేడా ఉంటుంది. ఆ తేడా ఫలితం ఎక్కువగా పడేది గొలుసు చివర ఉన్నవారి మీద. చిప్పుల కర్మాగారానికి అది ఖాళీగా ఉన్న యంత్రం, మీటరు లెక్కన కూలి తీసుకునే నేతకార్మికుడికి అది పని లేని వారం.